పొగలమెట్ట దుప్పటికి ఊలెంత?

పొడవూ వెడల్పూ ఉన్నదేదైనా సివిల్ పనే అవుతుందని ఈఈ పరాంకుశరావుగారు తేల్చి చెప్పేయడంతో, ఊలు దుప్పటి వచ్చి ఏఈ జగన్నాయకులు నెత్తిన పడింది.

అంతవరకూ జగన్నాయకులు బతుకు హాయిగానే సాగింది. కొండ దిగువనున్న సబ్‌డివిజన్ ఆఫీసులో కూర్చుని ఘాటు రోడ్డుకి కల్వర్టులు, హాస్టళ్లకి ప్రహరీ గోడలు, ఆ గోడలు పడిపోయాక మళ్లీ అవే గోడలు, ఇలా ఎస్టిమేట్లు వేసుకుంటూ జుట్టు నెరిసేదాకా వచ్చాడు. కల్వర్టు పేరు చెబితే చాలు, దానికి ఎన్ని బస్తాల సిమెంటు రాయాలో, అందులో నిజంగా ఎన్ని పడతాయో రెండు లెక్కలూ అతని నాలుక మీదుండేవి. ఊలు సంగతి మాత్రం అతనికి తెలియదు. ఆ మాటకొస్తే శాఖలో ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని పని కాబట్టే అది అంత పైనుంచి మొదలైంది.

సంగతేమిటంటే, కమిషనర్‌గారు ఆమధ్య ఏదో శిక్షణకని మంచు కురిసే దేశానికి వెళ్లారు. అక్కడ పార్కులో ఒక ముసలావిడ బెంచీ మీద కూర్చుని ఊలు దుప్పటి అల్లుకుంటూ కనిపించింది. కమిషనర్‌గారి మనసు కరిగిపోయింది. తిరిగొచ్చి విమానం బడలికైనా తీరకముందే సమావేశం పెట్టి, ఇకమీదట కొండమీది ఆడపిల్లల హాస్టళ్లలో ఎవరి దుప్పటి వాళ్లే అల్లుకుంటారని ప్రకటించేశారు. అంతకుముందు ఏటా కార్తీకం రాగానే సంతలో రగ్గులు కొని పంచేవారు. రగ్గనేది పరాధీనతకు చిహ్నమని కమిషనర్‌గారు కనిపెట్టడంతో ఆ రోజునుంచే రగ్గుల కొనుగోలు నిషేధమైంది. కొత్త పథకానికి స్వహస్తోష్ణ సాధికారత అని పేరు పెట్టారు. నోరు తిరగని కిందివాళ్లు దాన్ని దుప్పటి స్కీము అనుకున్నారు.

ఉత్తర్వులో పథకం ఆశయాలు నాలుగు పేజీలున్నాయి. దుప్పటి గురించి చివర్లో ఒక్క పేరా ఉంది. "ఒక దుప్పటికి అవసరమగు ఊలు పరిమాణమును శాస్త్రీయముగా నిర్ధారించి, మూరెడు హెచ్చుగాని మూరెడు తగ్గుగాని లేకుండ ఎస్టిమేటు సమర్పించవలెను. ఎస్టిమేటు మంజూరగువరకు ఊలు కొనరాదు." సంక్షేమం వాళ్లు మా దగ్గర సాంకేతిక సిబ్బంది లేరన్నారు. స్టోర్సు వాళ్లు, ఎంత కావాలో చెబితే కొంటాం గాని ఎంత కావాలో చెప్పడం మా పని కాదన్నారు. మిగిలింది ఇంజనీరింగు వాళ్లు.

"చూడవయ్యా జగన్నాయకులూ," అన్నారు పరాంకుశరావుగారు కళ్లజోడు తుడుచుకుంటూ. "దుప్పటి అనగా ఏమిటి? మనిషిపై పరచబడిన స్లాబు. పొడవు, వెడల్పు, మందం. ఘనపరిమాణం కట్టు, వేస్టేజీ కలుపు, పంపించు. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు."

బ్రహ్మవిద్య లేకపోయినా సైటు చూడకుండా ఎస్టిమేటు వేయకూడదన్న నియమం ఉంది. కల్వర్టుల విషయంలో జగన్నాయకులు ఆ నియమాన్ని పెద్దగా పట్టించుకున్నవాడు కాదు. ఇది కొత్త పని కావడంతో భయపడి జీపెక్కి పొగలమెట్ట వెళ్లాడు.

ఆ ఊరికా పేరు ఊరికే రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి గాని అక్కడ ఎదుటి మనిషి మొహం కనబడదు. హాస్టలు వార్డెను ఎస్తేరు రాణి అతన్ని వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఊలు అల్లడం వచ్చిన మనిషి ఆ కొండమీద ఆవిడొక్కతే అని చెప్పుకుంటారు. దుప్పటికి ఊలెంత పడుతుందని జగన్నాయకులు అడిగితే, ఆవిడ తనకీ తెలియదంది. చిన్నప్పుడు మిషను బళ్లో స్వెట్టరు ఒకటి అల్లిందట, అదీ ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందట.

"దీనికి ఎస్టిమేటేటి సారూ," అందావిడ. "కొన్ని ఉండలు కొనియ్యండి. సాలకపోతే ఇంకో రెండు కొందురు. మిగిల్తే పిల్లలకి టోపీలు అల్లీసుకుంటాం."

జగన్నాయకులుకి ఆ మాట ఎంతో సబబుగా తోచింది. ఉద్యోగంలో అతను చేసిన మొదటి తప్పు ఆ మాటని కాగితం మీద రాసుకోవడం.

పిల్లలు పడుకునే గది చూపించమంటే తీసుకెళ్లింది. పోయినేటి రగ్గులు చిరిగి, ఒక్కోదాని కింద ముగ్గురు చొప్పున సర్దుకుంటున్నారు. గోడవారన ఒక బియ్యం సంచి నిటారుగా కూర్చుని ఉంది. దానికి తలకాయ ఉంది. ఆ తలకాయ లేచి నమస్తే చెప్పింది. ఆరో తరగతి పిల్ల, పేరు బుద్రి. జ్వరమొచ్చి బడికి వెళ్లలేదట. సంచిలో దూరావేంటమ్మా అంటే, ఇబ్బందిగా నవ్వి, "ఇందులో ఎచ్చగుంటాది సార్," అంది. అతనికి సిగ్గేసింది. మెడకి చుట్టుకున్న మఫ్లరు తీసి జేబులో కుక్కుకుని, పుష్యమాసం చలి దిగేలోగా ప్రతి పిల్ల మీదా దుప్పటి ఉంటుందని ఎస్తేరు రాణికి మాట ఇచ్చేశాడు. ఇలాంటి మాటలిచ్చే అధికారం ఏఈలకి లేదన్న సంగతి ఘాటు దిగుతుంటే గుర్తొచ్చింది.

ఆఫీసుకొచ్చి ధరల పుస్తకం తెరిచాడు. ఏ పనికి ఏ సామాను ఎంత వాడాలో శాఖ ఆ పుస్తకంలో అచ్చేసి పెట్టింది. అందులో ఊలు లేదు. లేని పనికి దానికి దగ్గరి పోలికున్న పనిని తీసుకోవాలని రూలు. పుస్తకమంతా గాలిస్తే, ముడులతో అల్లేది ఒక్కటే దొరికింది. కొండచరియలు రోడ్డు మీద పడకుండా బండరాళ్లు నింపి పేరుస్తారే, ఆ ఇనప తీగల వల. దాని లెక్క ప్రకారం కడితే ఒక్కో దుప్పటికి మూడు క్వింటాళ్ల ఊలు తేలింది. పరాంకుశరావుగారు అది చూసి కాస్త ఎక్కువనిపిస్తోందని, ఇంజనీరింగు విచక్షణ అనే అధికారం వాడి సగం చేశారు. తర్వాత పొదుపు కనిపించాలని అందులో మళ్లీ సగం కొట్టేశారు. ఇంకా సంశయం తీరక, ఇంటికెళ్లి భార్యగారి శాలువా తూచి వచ్చి, మొత్తం కొట్టేసి ఆ అంకె వేశారు. దాన్ని శాస్త్రీయ నిర్ధారణ అన్నారు.

రిమార్కుల గడిలో జగన్నాయకులు రాసిన ముక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయింది. మిగిలితే టోపీలు అల్లవచ్చు అని ఉందక్కడ.

"మిగులు అనే మాట ఎస్టిమేటులో రాస్తావా? ఆడిట్ వాళ్లకి పీటవేసి విస్తరి పరిచినట్టే," అన్నారు మెల్లగా, గోడలు వింటాయేమోనన్నట్టు. "తక్కువ పడింది అను, సానుభూతి చూపిస్తారు. మిగిలింది అంటే మనల్ని ఎవరూ కాపాడలేరు." ఎర్ర సిరాతో టోపీలు కొట్టేశారు.

ఎస్టిమేటు ఎస్ఈగారి ఆఫీసుకి వెళ్లింది. అక్కడ అన్ని పనులకీ ఒకే ప్రశ్నాపత్రం ఉంది, వంతెనకైనా వంటగదికైనా అదే. దుప్పటి పరవబోయే స్థలంలో నేల బరువు మోయగలదా అని అడిగారు. దుప్పటి ఆరో తరగతి పిల్లల మీద పరుస్తారని జగన్నాయకులు రాశాడు. అయితే ఆరో తరగతి పిల్లల భారవహన సామర్థ్యం తెలపమన్నారు. దుప్పటి కింద రాకపోకల ఒత్తిడి ఎంత అన్నారు. నిద్రలో కాళ్లు కదుపుతారని రాశాడు. గత సంవత్సరాల్లో నమోదైన గరిష్ఠ వరదమట్టం తెలపమన్నారు. జగన్నాయకులు చాలాసేపు పెన్ను కొరికి, చలికాలంలో చిన్న తరగతుల పిల్లలు అప్పుడప్పుడు పక్క తడుపుతారని, మట్టం పరుపు దాటదని నిజాయితీగా రాసి పంపాడు. ఎస్ఈగారు ఆ వరదమట్టాన్ని ఆమోదించి, నీరు పోవుటకు కన్నాలు చూపించలేదేమని మళ్లీ తిప్పి పంపారు. దుప్పటి నిండా కన్నాలే ఉన్నందున వేరే చూపలేదని జవాబిచ్చాక గాని ఆ ఫైలు కదల్లేదు.

కార్తీకం వెళ్లిపోయింది. చివరికి, ముందుగా ఒక నమూనా దుప్పటి అల్లించి, ఖర్చయిన ఊలు కొలిచి, ఆ కొలత ఆధారంగా మిగతా దుప్పట్లకి మంజూరు ఇస్తామని ఆదేశం వచ్చింది. ఎస్తేరు రాణి మొదటిరోజు టీ ఇస్తూ చెప్పిందీ ఇంచుమించు అదే, టోపీలు తప్ప. జగన్నాయకులు సంతోషంతో తనే ఊలు ఉండలు జీపులో వేసుకుని ఘాటెక్కాడు.

ఎస్తేరు రాణి, ఆవిడ దగ్గర నేర్చుకున్న పెద్ద తరగతుల పిల్లలు వంతులేసుకుని అల్లారు. ఒక అంచు కాస్త వంకర పోయింది, మధ్యలో ఎక్కడో ఒక వరస తప్పింది, అయినా దుప్పటి దుప్పటే. అది పూర్తయిన పూటే వార్డెను దాన్ని బుద్రికి కప్పింది. మర్నాడు బుద్రి ఫలహారం గంటకి లేవలేదు. భయపడి వెళ్లి చూస్తే హాయిగా నిద్రపోతోంది. ఆ పిల్ల గంట మోగినా లేవకపోవడం అదే మొదటిసారని వార్డెను జగన్నాయకులుకి చెప్పింది. ఇన్నేళ్లలో తను కట్టించిన దేని కిందా ఎవరూ అంత నమ్మకంగా నిద్రపోలేదనుకున్నాడు.

పొడవు, వెడల్పు టేపుతో కొలిచి మెజర్‌మెంటు పుస్తకంలో రాసి, పరాంకుశరావుగారి సంతకానికి తీసుకెళ్లాడు.

"ఇందులో ఊలు కొలత ఏది?" అన్నారాయన.

ఊలు దుప్పటిలో ఉంది కదండీ అన్నాడు జగన్నాయకులు. పరాంకుశరావుగారు జాలిగా చూశారు. పునాదిలో వేసిన రాయి మట్టి కప్పకముందే కొలవాలి. కప్పేశాక కనిపించని పనికి కొలత రాయడానికి వీల్లేదు, తవ్వి చూడాల్సిందే. దుప్పటి అల్లాక లోపలి ఊలు కూడా కనిపించని పనే. కాబట్టి తవ్వాలి, అంటే విప్పాలి. మనసుకి కష్టంగానే ఉంటుంది గాని మెజర్‌మెంటు పుస్తకం పవిత్రమైనదని ఆయన ఓదార్చారు.

విప్పారు. విప్పిన ఊలు కొలవడానికి పొగలమెట్టలో అంత పొడుగున్న జాగా ఘాటు రోడ్డొక్కటే. హాస్టలు గేటు దగ్గర ఒక కొస పట్టుకుని, మలుపు మలుపుకీ ఒక పిల్లని నిలబెట్టి, కిందికి లాక్కుంటూ పోయారు. పొగమంచులో ఒక పిల్లకి ఇంకో పిల్ల కనబడక ఊలు పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అటొచ్చిన బస్సు ఆగిపోయింది. టెలిఫోను తీగ వేస్తున్నారా అని డ్రైవరు అడిగితే, కాదు, దుప్పటి కొలుస్తున్నారని ఎవరో చెప్పారు. అతను ఇంకేం అడక్కుండా ఇంజను ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. గేటు దగ్గరి కొస బుద్రి చేతిలో ఉంది. మళ్లీ అల్లిస్తారా సార్ అని అడిగింది. అల్లిస్తామమ్మా అన్నాడు జగన్నాయకులు, ఆ పిల్ల మొహంలోకి చూడకుండా.

అక్కడితో అయిపోతే ఇంత కథ లేదు. ఏఈ కొలిచినది డీఈ సరిచూడాలి, డీఈ సరిచూసింది ఈఈ, ఈఈ సరిచూసింది ఎస్ఈ. ఊలుకి ఒక పాడు గుణం ఉంది. లాగితే సాగుతుంది. జగన్నాయకులు పిల్లల చేతులు నొప్పెడతాయని వదులుగా పట్టించాడు. డీఈగారు కాస్త బిగించారు. పరాంకుశరావుగారు స్వయంగా కొస పట్టుకుని తన హోదాకి తగ్గట్టు లాగారు. ఎస్ఈగారు వచ్చేసరికి ఇద్దరు ప్యూన్లు లాగారు. హోదా పెరిగినకొద్దీ ఊలు పెరుగుతూ వచ్చి, మొదట నాలుగో మలుపు దగ్గర ఆగిన కొస ఎస్ఈగారి కొలతకి ఫారెస్టు చెక్‌పోస్టు దాటింది. అంటే మిగులు. శాఖ చరిత్రలో అంతవరకూ సామాను తక్కువ పడని సందర్భం లేదు. ఎక్కువ తేలిన సందర్భం అదొక్కటే. ఎస్ఈగారి మొహం పాలిపోయింది.

అదనపు ఊలు ఎక్కడిదో, దాన్ని ఎవరు ఏ ఉద్దేశంతో చేర్చారో వివరించమని జగన్నాయకులుకి మెమో వచ్చింది. ఊలు సాగునని మనవి చేసుకున్నాడు. "శాఖకు చెందిన సామగ్రి తగు అనుమతి లేకుండ సాగరాదు" అని తిరుగు మెమో వచ్చింది. ఇకమీదట సాగనివ్వనని హామీపత్రం రాసిచ్చి బయటపడ్డాడు.

మార్గశిరం సగానికొచ్చింది. రగ్గు కింద ముగ్గురి చోట నలుగురు చేరారు. జగన్నాయకులు పొగలమెట్ట వెళ్లినప్పుడల్లా బుద్రి సంచిలోంచే నమస్తే పెట్టేది. అతను ఊరుకోలేక, సొంతంగా రగ్గులు కొనిచ్చేస్తానని ఒకసారి పరాంకుశరావుగారితో అన్నాడు. నిషేధిత వస్తువును ప్రభుత్వ ఆవరణలోకి తెచ్చిన నేరం కింద ఉద్యోగం పోతుందని, వార్డెను ఉద్యోగం కూడా పోతుందని ఆయన వివరించారు. తన ఉద్యోగం సంగతి ఎలాగున్నా వార్డెనుది పోతే ఆ పిల్లలకి ఆ పొయ్యి పక్కన చోటు కూడా ఉండదు. నోరు మూసుకున్నాడు.

దుప్పటి మళ్లీ అల్లారు. ఈసారి ఎస్తేరు రాణి వేళ్లు చలికి కొయ్యబారి, అది మొదటిదానికంటే బిగుతుగా వచ్చింది. దాన్ని బుద్రికి కప్పబోతుంటే క్వాలిటీ కంట్రోలు డీఈ చక్రపాణిగారి జీపొచ్చి ఆగింది. జీపు వెనక ఒక మిషనుంది.

చక్రపాణిగారి వృత్తిధర్మం కోతలు కోయడం. కొత్తగా వేసిన రోడ్డుకి మధ్యలో గుండ్రంగా ముక్క కోసి తీసి, దాన్ని ల్యాబులో నలగ్గొట్టి, ఎంత బరువుకి పగిలిందో చూసి, రోడ్డు బలం తేలుస్తారు. దుప్పటికి ఆ పరీక్ష ఎందుకని జగన్నాయకులు బతిమాలాడు. ఎస్తేరు రాణి చేతులు జోడించి, ఊలు ఒక్కచోట కోస్తే మొత్తం ఊడిపోద్దని చెప్పింది.

"కోస్తే ఊడిపోయేది నాసిరకం పని అనబడుతుంది," అన్నారు చక్రపాణిగారు. "అది తేల్చుటకే నేను వచ్చాను." అని దుప్పటి నడిమధ్యలో అరచెయ్యంత గుండ్రటి ముక్క కోసి సీసాలో పెట్టుకున్నారు.

కోసిన కన్నాన్ని అదే రోజు కాంక్రీటుతో పూడ్చాలన్నది కూడా ఆయన నిబంధనల్లో ఉంది. పూడ్చారు. ఊలు ఊడిపోకుండా ఆ కాంక్రీటు బిళ్లే పట్టి ఉంచింది, దానివల్ల జరిగిన మేలు అదొక్కటే. బుద్రికి కప్పి చూశారు గాని కడుపు మీద బరువుకి ఆ పిల్లకి ఊపిరాడలేదు. మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ల్యాబు ఫలితం వచ్చింది. ఊలు ముక్కని మిషను కింద పెట్టి ఎంత నొక్కినా పగల్లేదట. బరువు పెంచారట. పగల్లేదు. ఇంకా పెంచితే మిషనే ఆగిపోయిందట. శాఖ పుట్టాక ఇంత బలం చూపిన పని మరొకటి లేదని, ఈ దుప్పటి మీదుగా లోడు లారీలు నిరభ్యంతరంగా పోవచ్చునని ధ్రువపత్రం ఇచ్చారు. అయితే మధ్యలో ముక్క పోవడంవల్లా, అందులో కాంక్రీటు చేరడంవల్లా అసలు ఊలెంత పట్టిందో ఇక తేల్చడం సాధ్యం కాదని, ఆ విషయమై ఒక నిపుణుల సంఘం వేయాలని కింద చిన్న అక్షరాలతో రాశారు.

కమిషనర్‌గారు ధ్రువపత్రం పైభాగం మాత్రమే చదివారు. పథకం ఇంత ఘనంగా నెగ్గినందుకు పొగలమెట్ట హాస్టలు ముందు శిలాఫలకం ఆవిష్కరించాలని నిర్ణయించారు. ఫలకం నిలబెట్టడానికి కాంక్రీటు దిమ్మె కట్టాలి. దిమ్మెకి ఎస్టిమేటు వేసి పట్రమ్మని జగన్నాయకులుకి కబురొచ్చింది.

అతను కుర్చీలో కూర్చుని ధరల పుస్తకం తెరిచాడు. అప్పటికి పుష్యం వచ్చేసింది. ఇచ్చిన మాట ఎలాగూ తప్పాడు. సిమెంటు, కంకర, ఇసుక, చెక్క పని అన్నీ అలవాటుగా రాసుకుంటూ పోయాడు. చివర్లో క్యూరింగు దగ్గర కలం ఆగింది. కాంక్రీటు పోశాక తడారిపోకుండా దానిమీద గోనెపట్టాలు కప్పి నీళ్లు పోస్తుండాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. కప్పేవి ఎన్నుండాలో, ఎలాంటివుండాలో పుస్తకంలో స్పష్టంగా లేదు. అది ఇంజనీరింగు విచక్షణకి వదిలేశారు. జగన్నాయకులు ఒక్కసారి కళ్లు మూసుకుని హాస్టల్లో పిల్లల్ని లెక్కపెట్టుకున్నాడు. కొండప్రాంతపు చలి దృష్ట్యా మందపాటి క్యూరింగు కప్పులు, సంతలో దొరికేవి, ఇన్ని అని రాశాడు. ఆ తర్వాత ఇంకో పది కలిపాడు. మిగిలితే మిగలనీ అనుకున్నాడు.

మంచమంత దిమ్మెకి ఊరంత కప్పులెందుకని ఎవరైనా అడుగుతారని భయపడుతూనే పంపాడు. ఎవరూ అడగలేదు. సిమెంటు పేరున్న ఎస్టిమేటుని పైవాళ్లు భక్తితో చూస్తారు గాని చదవరు. ఊలు మూర మూరకీ కొలిచిన చేతులే దిమ్మె మీద సాయంత్రానికల్లా సంతకాలు పెట్టేశాయి. సంత రోజు జీపు నిండా రగ్గులు ఘాటెక్కాయి. వాటిని దించుతూ ఎస్తేరు రాణి, ఇవి రగ్గులు కావా సారూ అని అడిగింది. కావమ్మా, క్యూరింగు పట్టాలు, నీళ్ల డ్రమ్ము పక్కన చోటు లేక పిల్లల గదిలో భద్రం చేస్తున్నామని చెప్పాడు. ఆవిడ అతని మొహం కాసేపు చూసి, అయితే పిల్లల మంచాల మీద భద్రం చేస్తానంది.

ఆవిష్కరణ రోజున కమిషనర్‌గారు, వెనక ఎస్ఈగారు, పరాంకుశరావుగారు, చక్రపాణిగారు అందరూ వచ్చారు. కమిషనర్‌గారు పరాధీనత గురించి చలికి వణుకుతూ మాట్లాడారు. నమూనా దుప్పటి చూసి ముచ్చటపడి, పొగమంచుకి ఫలకం మీది బంగారు అక్షరాలు పాడవుతాయేమోనని దిగులుపడ్డారు. వెంటనే ఆ దుప్పటిని రాయికి కప్పించారు. మధ్యలో బిళ్ల ఉండటంవల్ల గాలికి ఎగరదని, ముందుచూపంటే ఇదని చక్రపాణిగారిని మెచ్చుకున్నారు.

ఆ మెప్పుతో చక్రపాణిగారికి హుషారెక్కి హాస్టలు గదుల తనిఖీకి బయల్దేరారు. జగన్నాయకులు వెనకాలే పరిగెత్తాడు. గదిలో మంచం మంచానికీ ఒక రగ్గు మడతపెట్టి ఉంది. బుద్రి ఒక్కతే రగ్గు కప్పుకుని కూర్చుని ఉంది. నమస్తే పెట్టాలంటే చేతులు బయటికి తీయాలి, అందుకని తలూపింది.

"ఏమిటివి?" అన్నారు చక్రపాణిగారు.

"క్యూరింగు కప్పులండి," అన్నాడు జగన్నాయకులు. "దిమ్మెవి."

ఆయన వంగి ఒక రగ్గు పిండి చూశారు. మొహం గంటు పెట్టుకున్నారు. "పొడిగా ఉన్నాయేం? క్యూరింగు కప్పు పొడిగా ఉంచుట నేరం. తక్షణం వీటన్నిటి మీద నీళ్లు పోయించు, నా ఎదుటే."

గుమ్మంలో ఎస్తేరు రాణి నిలబడిపోయింది. బుద్రి రగ్గుని గట్టిగా పట్టుకుంది. ముప్పయ్యేళ్లుగా పై అధికారి నీళ్లు పోయమంటే పోయించినవాడే జగన్నాయకులు. ఈసారి ఎందుకో నోరు దానంతటదే తెరుచుకుంది.

"పోయనక్కర్లేదండి, రోజూ రాత్రిపూట వాటంతటవే తడుస్తాయి. ఈ గదికి వరదమట్టం ఉందండి. ఎస్ఈగారు ఆమోదించారు."

చక్రపాణిగారు ఆలోచించారు. ఫైలు ఆయనకి గుర్తొచ్చింది. ఆమోదం పొందిన వరదమట్టాన్ని కాదనే అధికారం క్వాలిటీ కంట్రోలుకి లేదు. అంతేగాక ఆ మట్టం ఎక్కడినుంచి వస్తుందో కూడా గుర్తొచ్చినట్టుంది, పిండిన చేతిని గబగబా రుమాలుతో తుడుచుకున్నారు. "ఏర్పాటు సంతృప్తికరం," అని డైరీలో రాసుకుని, మరే రగ్గూ ముట్టుకోకుండా బయటికి నడిచారు.

అది జరిగి చాలా ఏళ్లయింది. ఒక దుప్పటికి ఎంత ఊలు పడుతుందో నిపుణుల సంఘం ఇంకా తేల్చలేదు, వాళ్లు మంచు కురిసే దేశానికి రెండుసార్లు వెళ్లొచ్చారు. రాయి మాత్రం ఊలు దుప్పటి కప్పుకుని పొగమంచులో వెచ్చగా ఉంది. ఏటా వానలు వెనకబట్టగానే పై ఆఫీసు నుంచి ఒక లేఖ వస్తుంది. దిమ్మె క్యూరింగు పూర్తయినచో కప్పులను స్టోర్సుకు అప్పగించవలెనని. జగన్నాయకులు రిటైరయ్యే వరకు దానికి ఒకే జవాబు రాశాడు. వెళ్లిపోతూ కొత్తగా వచ్చిన ఏఈని జీపులో పొగలమెట్ట తీసుకెళ్లి, పిల్లలు పడుకున్న గది చూపించి, ఆ జవాబు నేర్పించి మరీ వెళ్లాడు. చిరిగిన కప్పుల స్థానంలో కొత్తవి కావాలని అడగడం కూడా నేర్పాడు.

నిరుడు కార్తీకంలో లేఖ వచ్చినప్పుడు కొత్త ఏఈ కూడా అదే రాసి పంపాడు. పొగలమెట్టలో చలి ఎక్కువగా ఉన్నందున దిమ్మె ఇంకా పచ్చిగానే ఉన్నదనిన్నీ, కప్పులు మరికొంతకాలం అవసరమనిన్నీ.